చార్జర్ పాటకి జోల కట్టిన పందొమ్మిది రోజులు

నవంబరు 6, గురువారం
ఉదయం 8.10, ఆసుపత్రి వరండా

ఆడపిల్ల పుట్టింది! మా తేజకి ఆడపిల్ల! రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు! తల్లీ బిడ్డా క్షేమం!

అక్షరాలు వంకరగా వస్తున్నాయి. వస్తే రానీ! పెళ్ళయిన ఏడేళ్ళకి! అల్లుడు ఫణికుమార్‌కి ఆఫీసు వాళ్ళిచ్చిన ఈ డైరీ జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. రాయదగ్గ సంగతి ఇవాళ్టికి దొరికింది.

ఇప్పటిదాకా నేను కబురు చెప్పినవాళ్ళు: గేటు దగ్గర గార్డు. లిఫ్టు నడిపే మనిషి. టీ కొట్టు భయ్యా. బల్ల మీద తల పట్టుకుని కూర్చున్న ఒక సర్దార్జీ. ఆయనకేం కష్టమో, అయినా లేచి నిలబడి "బధాయీ హో బావూజీ" అన్నారు. మహానుభావుడు.

మా ఆవిడ కోటమ్మ: "ముందు కూర్చోండి. బీపీ మాత్ర వేసుకున్నారా?"

ఇంత సంతోషం మీద మాత్రెందుకు!

8.40. చూపించారు! పిడికిళ్ళు బిగించి ఉంది. ముక్కు నాదే. కోటమ్మ ఒప్పుకోవడం లేదు.

నవంబరు 9, ఆదివారం
ఢిల్లీ పక్కన ఇందిరాపురం, తేజ వాళ్ళ ఇల్లు, పదకొండో అంతస్తు

పురుటికి కూతురు పుట్టింటికి రావాలి. ఢిల్లీ పాలంలో మా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకని పుట్టింటినే కూతురి దగ్గరికి తెచ్చాం. నేను, కోటమ్మ, రెండు సూట్‌కేసులు, బాలింత కాయం సీసా, వెల్లుల్లి కారం డబ్బా.

మనవరాలు ఏడుస్తోంది. పెరేడ్ గ్రౌండులో చివరి వరసకి కూడా వినపడే గొంతు! మొదటి రోజు మురిసిపోయాను. ఇవాళ మురవడం కొంచెం తగ్గింది. ఇంటికొచ్చాక తేజ వరసగా ఒక గంట కూడా పడుకోలేదు. కళ్ళ కింద నలుపు. నిన్న అన్నం ముద్ద చేత్తో పట్టుకుని, నోట్లో పెట్టుకోవాలన్న సంగతి మరిచిపోయింది. డాక్టరమ్మ చీటీలో మందులన్నీ రాసి, చివర "తల్లికి నిద్ర ముఖ్యం" అని రాసి, కింద రెండు గీతలు గీసింది. మందులన్నీ తెచ్చాను. నిద్ర ఏ దుకాణంలో దొరుకుతుంది?

ప్రయత్నించినవి:
కోటమ్మ జోలపాటలు, పదకొండు. ఏడుపు.
బాలింతనీ బిడ్డనీ చూసుకోవడానికి పెట్టుకున్న చాందిని దీదీ హిందీ లోరీలు, అవీ జోలలే. ఏడుపు.
అల్లుడు పుస్తకంలో చదివి నేర్చుకున్న "ష్ ష్". ఇంకా ఏడుపు.
నా మీసం. అన్నిటికన్నా ఎక్కువ ఏడుపు.

సాయంత్రం 5.15. అల్లుడి ఫోను మోగింది. ఆ పాట! ఆటోల్లో, పెళ్ళిళ్ళలో, కూరగాయల బండి మీద కూడా మోగే పాట. "ఛత్ పే ఆజా, చార్జర్ లేకే." మేడ మీదికి రా, వస్తూ వస్తూ చార్జర్ పట్టుకురా అని ఒక కుర్రాడు ఒక అమ్మాయిని పిలుస్తాడు. అదీ అందులో కవిత్వం.

ఏడుపు ఠక్కున ఆగింది! "థమ్" అనగానే ప్లటూన్ ఆగినట్టు!

తేజ: "ఓ గాడ్. నాన్నా, ఆఫీస్ క్యాబ్‌లో రోజూ యహీ గానా. నోయిడా దాకా జామ్‌లో, నైన్ మంత్స్. ఇది లోపల్నించే వినేసింది."

చిక్కేమిటంటే, ఏడుపు ఆగింది గానీ నిద్ర పోలేదు. కళ్ళు ఇంతింత చేసుకుని వింటుంది. పాట ఉంటే మెలకువ. పాట ఆగితే ఏడుపు. రెంటికీ మధ్య నిద్ర అనే గది ఒకటుండాలి. దాని తలుపు ఎవరికీ కనపడటం లేదు.

నవంబరు 10
ఉదయం 6.00

నిర్ణయం!!

చార్జర్ పాటని విప్పుతాను. ఏ ముక్క ఎక్కడుందో చూస్తాను. మళ్ళీ కుట్టి జోలపాట చేస్తాను. పాప పడుకుంటుంది. పాప పడుకుంటే తేజ పడుకుంటుంది. గడువు 26, బారసాల రోజు. పాపని ఉయ్యాలలో వేసేటప్పుడు అందరి ముందూ నేనే పాడతాను.

నియమాలు:
1. రోజూ ఆరు నుంచి ఏడు దాకా పాట పని.
2. ఒక లైను తేలేదాకా రెండో టీ లేదు.
3. కోటమ్మ ఎగతాళికి జవాబు చెప్పరాదు.
4. నాగా లేదు.

నా అర్హత: ఆర్మీ బ్యాండులో ఇరవై రెండేళ్ళు పెద్ద డ్రమ్ము. చదువు తొమ్మిదో తరగతి, అదీ సగం. కానీ నా దెబ్బ మీద నాలుగు వందల కాళ్ళు ఒక్కసారి లేచేవి!

కోటమ్మ: "ఇరవై రెండేళ్ళూ ధబ్ అన్న ఒక్క ముక్కే కదండీ వాయించారు. రాగం ఎప్పుడైనా మీ చేతికొచ్చిందా?"

నియమం 3. జవాబు చెప్పలేదు. డైరీలో చెబుతాను: వచ్చింది. 1994లో ఒక క్లారినెట్‌ని బారక్ నుంచి స్టోరు దాకా నేనే మోశాను.

ఫోను చేసి నిర్ణయం చెప్పినవాళ్ళు సాయంత్రానికి పధ్నాలుగు మంది. ఇక వెనక్కి తగ్గేది లేదు.

నవంబరు 11
6.00 నుంచి 7.25. నియమం కన్నా పాతిక నిమిషాలు ఎక్కువ!

చెవుల్లో పెట్టుకునేవి అల్లుడిచ్చాడు. పాట పదహారుసార్లు విన్నాను. తేలినవి:

మొదట ఎనిమిది లెక్కలు డ్రమ్ము లేదు. ఒక అమ్మాయి ఊరికే "ఊఁ" అంటుంది.
తరవాత డ్రమ్ము. గడియారం పెట్టి లెక్కపెట్టాను, నిమిషానికి 128. మన తేజ్ చల్, అంటే వడి కవాతు, 120! ఈ పాట మీద నడిపిస్తే ప్లటూన్ పరిగెత్తాలి.
ప్రతి నాలుగో లైను చివర మగవాళ్ళంతా కలిసి "హే!" అంటారు.
నడుమ ఒకచోట డ్రమ్ము ఆగిపోతుంది. అందరూ ఊపిరి బిగబడతారు. మళ్ళీ పడుతుంది. అప్పుడే ఒళ్ళు ఝల్లుమంటుంది. వాయించడం ఎవడైనా వాయిస్తాడు, ఆపడం తెలిసినవాడే ఉస్తాదు అని మా బ్యాండ్ మాస్టరు అనేవారు.
స్వరాలు వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఐదే! ఐదింటితో ఇంత ఢిల్లీని గెంతిస్తున్నాడు!

ఈ పాట కట్టినవాడికి నా సెల్యూట్. ఇన్నాళ్ళూ గోల అనుకున్నాను.

రెండో టీ తాగాను. హక్కుగా.

నవంబరు 12
నోటితో పాడుతూ నెమ్మది చేశాను. 128 నుంచి 110. పాప వింది. 95. వింది. 80కి వచ్చాక, జోలపాటలో "హే" ఏమిటని తీసేశాను. ఏడుపు! మళ్ళీ పెట్టాను. ఆగింది. కానీ "హే" అన్నప్పుడల్లా ఉలిక్కిపడి కళ్ళు తెరుస్తుంది.

"హే" లేకపోతే ఊరుకోదు. ఉంటే పడుకోదు. సందేహం లేదు, నా మనవరాలే.

మెత్తగా "హేఏఏ" అని చూశాను. గేదెని అదిలించినట్టుంది అంది కోటమ్మ. నియమం 3.

నవంబరు 13
మాటల పని. హాల్లో కూర్చుని పైకి పాడాను: "మేడ మీదికి రావమ్మా జోజో, చార్జరు తేవమ్మా జోజో."

కోటమ్మ వంటింట్లోంచి: "ఎనిమిది రోజుల పిల్లని మేడెక్కి చార్జరు తెమ్మంటారా? ఏం తాతయ్యండీ మీరు!"

అల్లుడు: "మావయ్యగారూ, పవర్ బ్యాంక్ అంటే? అది తేలిక."

"నువ్వూరుకో నాయనా."

తేజ గదిలోంచి, కళ్ళు తెరవకుండానే: "నాన్నా, గానా బదల్నా హై తో బదలో. డిబేట్ మత్ కరో ప్లీజ్." మార్చాలంటే మార్చుకోవాలి గానీ చర్చలొద్దట.

మధ్యాహ్నం కోటమ్మ కొత్తిమీర వలుస్తూ నావైపు చూడకుండా అంది: "చార్జరెందుకు. వెన్నెల తెమ్మనండి."

మేడ మీదికి రావమ్మా జోజో, వెన్నెల మూటగా తేవమ్మా జోజో! అతికింది! అచ్చం అతికింది! ఫోన్లో తొమ్మిది మందికి వినిపించాను. నా ఊహేనని చెప్పాను. డైరీలో మాత్రం అబద్ధం రాయను.

నవంబరు 14
అల్లుడు: "మావయ్యగారూ, మీకెందుకీ శ్రమ. ఏఐ చేసేస్తుంది."

ఫోన్లో ఏదో టైపు చేశాడు. నలభై సెకన్లు! చార్జర్ పాట జోలపాటై బయటికొచ్చింది. వీణ, పిల్లనగ్రోవి, వాన చప్పుడు కూడా. నా నాలుగు రోజుల పని నలభై సెకన్లలో! కుర్చీలో కూలబడ్డాను.

పాపకి వినిపించాడు. పాప అంత ఏడుపు పుట్టినప్పుడు కూడా ఏడవలేదు.

"పాపం, ఇంకా నేర్చుకోవాలిలే బాబూ అది" అన్నాను. లోపల ఎంత సంతోషించానో రాయకూడదు. రాసేశాను.

నవంబరు 15
నాగా. గాలి బాలేదు, అంతా కాలుష్యం. ఫోన్లో గాలి రంగు ఎరుపు దాటి ఊదాకి పోయింది. ఊపిరి లేనిదే పాటెలా? టీవీలో మ్యాచ్ ఉంది, అది వేరే సంగతి. టీలు నాలుగు. గొంతుకి వేడి అవసరం.

నవంబరు 16, ఆదివారం
పడుకోకముందే రాసేయాలి, రేపటికి ధైర్యం ఉండదు.

సాయంత్రం 6.30. పెళ్ళి ముహూర్తాలు మొదలయ్యాయి కదా, మా గేటు ముందు బారాత్. గుర్రం, నెత్తి మీద దీపాలు మోసే మనుషులు, ఎర్రకోట్ల బ్యాండు. ఏం వాయిస్తున్నారు? ఇంకేముంది, చార్జర్ పాట! పాప కళ్ళు బల్బులైపోయాయి.

తేజ: "నాన్నా, కోయీ ఉన్కో బోలో నా. రెండు నిమిషాలు ఆపమనండి."

వెళ్ళాను. బ్యాండ్ మాస్టర్‌తో మర్యాదగానే అన్నాను: "మాస్టర్‌జీ, ఊపర్ ఛోటా బచ్చా హై. థోడా ధీరే."

"బావూజీ, ధీరే సే కభీ బారాత్ నికల్తీ హై క్యా?"

నిజమే, మెల్లగా సాగే పెళ్ళి ఊరేగింపు ఎక్కడుంది? ఇంతలో పెద్ద డ్రమ్ము మనిషి బెల్టు సర్దుకోవాలట. "ఏక్ మినట్ పకడియే" అని డ్రమ్ము నా మెడలో వేశాడు.

తరవాతి నలభై నిమిషాలు సరిగ్గా గుర్తులేదు.

గుర్తున్నవి: పెళ్ళికొడుకు మేనమామ నా మెడలో బంతిపూల దండ వేయడం. గులాబ్ జామూన్లు మూడు. "వన్స్ మోర్ అంకుల్!" "హే!" అన్నది నేనే.

పైకి వచ్చేసరికి కోటమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "చప్పుడు ఆపమని వెళ్ళినవారు మీరేనాండీ? మీరు వెళ్ళాకే రెట్టింపయింది."

"సాక్ష్యం ఏమిటి?"

అల్లుడు బాల్కనీలోంచి వీడియో తీశాడు.

నవంబరు 17
నడుము నొప్పి. నాగా.

నవంబరు 18
మళ్ళీ మొదలు! తప్పెక్కడో తెలిసింది! నేను గాయకుణ్ణి కాను, డ్రమ్ము మనిషిని. పాట కింద దెబ్బ ఉండాలి. కాకపోతే మెత్తటి దెబ్బ.

బియ్యం డబ్బా ఖాళీ చేశాను. పాప ఉలిక్కిపడకుండా దానికి కోటమ్మ పాత నల్లశాలువా చుట్టాను. అరచేత్తో ఒక దెబ్బ. ఆగడం. ఒక దెబ్బ. ఆగడం. మీద సన్నగా కూనిరాగం.

సాయంత్రం 4.30. పాప రెప్పలు సగం వాలాయి! సగం! అల్లుడు కూడా చూశాడు! రేపు మిగతా సగం!

నవంబరు 19
ఈ రోజు నా జీవితంలో రాకుండా ఉంటే బాగుండేది.

ఉదయం 11.00. బాల్కనీలో ఎండ పడుతోంది. పాపని చాపమీద పడుకోబెట్టి, డబ్బాకి శాలువా చుట్టి, నిన్నటికన్నా నెమ్మదిగా మొదలుపెట్టాను. ధమ్... ధమ్... చేయి దానంతటదే నడుస్తోంది. ఎంత చక్కగా కుదిరిందో!

11.15. కాలింగ్ బెల్లు. తలుపు తీశాను. పై అంతస్తులో కొడుకు దగ్గరుంటున్న సుబేదార్ జనార్దనరావు గారు. తెల్లచొక్కా. టోపీ చంకలో. తల వంచుకుని అటెన్షన్‌లో నిలబడ్డారు.

"ఎవరు, హవల్దార్?"

"ఎవరేంటి సార్?"

"బాధ దిగమింగుకోకు. ఫౌజీలం. ఎప్పుడు జరిగింది?"

అప్పుడర్థమైంది. నల్లగుడ్డ చుట్టిన డ్రమ్ము. ధీరే చల్, నెమ్మది కవాతు. పోయిన జవానుని సాగనంపేటప్పుడు మేం వాయించేది అదే. ఇరవైసార్లైనా వాయించి ఉంటాను. నా చేతికి తెలిసిన నెమ్మది అదొక్కటే. దాన్ని తెచ్చి పధ్నాలుగు రోజుల పసిపిల్లకి...

సుబేదార్ గారు దిగే ముందే తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులో "వీరాంజనేయులు గారింట విషాదం" అని పెట్టేశారు. అరగంటలో నలభై మూడు "ఓం శాంతి"లు. సగం మంది పోయింది నేనే అనుకున్నారు. "మంచి మనిషి, నోరారా పలకరించేవారు" అని ఒకరు. చదివి కళ్ళు చెమర్చాయి. విశాఖపట్నం నుంచి బావమరిది మనోహర్ ఏడుస్తూ ఫోను. ఫోను ఎత్తింది నేను. వాడు ఇంకా గట్టిగా కేకపెట్టాడు.

ఇవన్నీ నవ్వుకోవచ్చు. నవ్వలేనిది ఒకటుంది. తేజకి అప్పుడే కన్ను అంటుకుందట. బెల్లుకి లేచి తూలుకుంటూ వచ్చింది. తలవంచుకున్న సుబేదార్ గారిని చూసి, "అమ్మా!" అని అరిచింది. వాళ్ళమ్మ సందు చివరి షాపుకి వెళ్ళింది మరి. సంగతి చెప్పాక గోడకి ఆనుకుని నేలమీద కూర్చుండిపోయింది.

"నాన్నా, పాపకి ఫ్యునరల్ మ్యూజికా? ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలే పడుకున్నాను నాన్నా." ఏడ్చింది. కోపంతో కాదు. అలసటతో.

కోటమ్మ వచ్చి ఉప్పూ మిరపకాయలూ తీసి ఇల్లంతా తిప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే ఇంట్లో దీపం పెట్టనట్టుంటుంది.

నవంబరు 20
నిర్ణయం రద్దు. బియ్యం మళ్ళీ డబ్బాలో పోశాను. శాలువా మడిచి పెట్టాను.

మధ్యాహ్నం కోటమ్మని అడిగాను: "మన తేజ ఇంతప్పుడు ఎలా పడుకునేది?"

"మీకెలా తెలుస్తుంది? మీరు బోర్డర్లో ఉన్నారు. దానికి పదకొండో నెలలో వచ్చారు. మీసం చూసి జడుసుకుంది."

"అది కాదు. ఏ పాటకి పడుకునేది అని."

"పాటా? ఇంట్లో నేనొక్కదాన్ని. నీళ్ళకి ట్యాంకర్ దగ్గర నిలబడాలి, వంట చెయ్యాలి. ఏడ్చి ఏడ్చి అదే పడుకునేది."

బ్యాండులో నాలుగు వందల కాళ్ళని నడిపించాను. నా పిల్ల ఒక్కత్తినీ ఒక్క మధ్యాహ్నమైనా పడుకోబెట్టలేదు. ముప్పై రెండేళ్ళ తరవాత ఇవాళ లెక్క తెలిసింది.

నవంబరు 22
గొంతు బొంగురు.

నవంబరు 23
గొంతు బాగుంది. మనసు బొంగురు.

నవంబరు 24
బారసాలకి పాడతానని చెప్పినవాళ్ళ జాబితా తీశాను. ముప్పై ఒక్కమంది. జలుబు చేసిందని చెప్పడానికి ఫోను ఎత్తాను. "మీ పాట కోసమే వస్తున్నాం అంకుల్" అంది అవతలి గొంతు. జలుబు సంగతి చెప్పలేకపోయాను.

నవంబరు 26
బారసాల!

అద్దె ఉయ్యాల, బంతిపూలు, నలభై మంది. అల్లుడు పాప చెవిలో మూడుసార్లు పేరు చెప్పాడు: వైశాలి! నా సంతోషం పట్టలేక పక్కనున్న క్యాటరింగ్ వాణ్ణి కావలించుకున్నాను.

జనార్దనరావు గారు: "మంచి పేరేనయ్యా. మెట్రో బ్లూ లైన్లో ఆఖరి స్టేషన్. నిద్రపోయినా దాటిపోయే భయం లేదు."

ఆడవాళ్ళు జోలలు పాడారు. పాప ఏడ్చింది. ఎవరో "తాతయ్య పాట! తాతయ్య పాట!" అన్నారు. నలభై జతల కళ్ళు. నిలబడ్డాను. "ఊఁ" అన్నాను. "మేడ మీదికి రావమ్మా" దాకా బాగానే వెళ్ళింది. తరవాత కుడిచేయి తొడ మీద కొట్టడం మొదలుపెట్టింది. ఎడమకాలు లేచింది. వద్దంటున్నా వినదే! వంద. నూట పది. నూట ఇరవై! జోలపాట పోయి కవాతు అయింది. పిల్లలు ఉయ్యాల చుట్టూ లెఫ్ట్ రైట్ మొదలుపెట్టారు. సుబేదార్ గారు "దాయే సే థమ్!" అని ఆర్డర్లు. ఎవరో అసలు పాట పెట్టేశారు. అందరూ డాన్సు! పాప కళ్ళు బల్బులు!

అందరూ చాలా బాగుందన్నారు. నా భుజాలు తట్టారు. తేజ పట్టుచీరలో సోఫాలో కూర్చుని నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు వెనకాల ఇరవై రోజుల నిద్ర బాకీ నాకు కనపడుతూనే ఉంది.

నవంబరు 27
పాట లేదు. నియమాలు లేవు. టీలు ఐదు. ఈ డైరీని అల్లుడికి తిరిగిచ్చేస్తాను.

నవంబరు 28
సాయంత్రం 5.10

ఇవ్వలేదు! ఇవ్వను! జరిగింది రాయాలి!

మధ్యాహ్నం 2.50. అల్లుడు ఆఫీసులో. చాందిని దీదీ వెళ్ళిపోయింది. కోటమ్మ కూరలకి వెళ్ళింది. సోఫాలో నేను, ఒళ్ళో పాప. పక్కన తేజ, పాప గుడ్డలు మడతపెడుతోంది.

"నాన్నా, ఆ రెండో లైన్ తర్వాత ఏంటి? ఫంక్షన్‌లో మీరు మార్చ్ కర్ దియా, సరిగ్గా వినపడలేదు."

"నిర్ణయం రద్దయింది తల్లీ."

"ఫిర్ భీ. ఊరికే చెప్పండి."

ఊరికే మొదలుపెట్టాను. ఒక చేయి పాప తల కింద, ఒక చేయి నడుం కింద. కాళ్ళు కదిపితే పాప జారుతుంది. కొట్టడానికి ఏదీ ఖాళీగా లేదు! అరవై ఆరేళ్ళ ఊపిరి సగం లైనుకే అయిపోతుంది. ఆగాను. మళ్ళీ ఎత్తుకున్నాను. నేను ఆగిన చోటల్లా పాట కూడా ఆగి నాకోసం కూర్చుంది. నిమిషానికి ఎన్నో లెక్కపెట్టలేదు. గడియారం చూడటానికి చేయేది? "హే" వచ్చింది. దాన్నీ వదల్లేదు. ఊపిరి చాలక, బరువు దించుకున్నవాడి "హే"లా వచ్చింది. మేడ మీదికి రావమ్మా జోజో. వెన్నెల మూటగా తేవమ్మా జోజో. తరవాత మాటలు కట్టలేదు కాబట్టి మళ్ళీ మొదటికే వచ్చాను.

పాప నన్నే చూస్తోంది. రెప్ప వేయదు. ఏడవదు. పడుకోదు. ఇక ఇంతే అనుకున్నాను.

కుడిభుజం బరువెక్కింది. తిరిగి చూశాను.

తేజ! సగం మడిచిన గుడ్డ చేతిలోనే ఉంది. తల నా భుజం మీద. నోరు కొంచెం తెరుచుకుని. చిన్న గురక!

పడుకుంది! నా పిల్ల పడుకుంది!!

కదల్లేదు. పాట ఆపితే లేస్తుందేమోనని ఆపలేదు. ముక్కు దురద పెట్టింది. భరించాను. భుజం తిమ్మిరెక్కింది. ఎక్కనీ. 3.30కి కోటమ్మ తాళం తీసుకుని లోపలికొచ్చింది. చూసి, చేతిలో సంచులతో అలాగే నిలబడిపోయింది. తరవాత దగ్గరికొచ్చి, గొంతు బాగా తగ్గించి, "మంచినీళ్ళు తాగించనా?" అంది. ఎగతాళి లేదు. వెతికాను, లేదు.

2.58 నుంచి 4.38. గంటా నలభై నిమిషాలు. డాక్టరమ్మ గీసిన రెండు గీతల్లో ఒకటి తీర్చాను. వైశాలి మాత్రం ఒక్క క్షణం పడుకుంటే ఒట్టు.

కాబట్టి కొత్త నిర్ణయం!!
రేపు ఉదయం 6.00 నుంచి మూడో లైను, నాలుగో లైను. గడువు: పాపకి మూడో నెల.
నియమాలు:
1. చేతుల్లో పిల్ల లేకుండా సాధన చేయరాదు.
2. రోజూ మధ్యాహ్నం 2.50కి తేజ పక్కన కూర్చోవాలి. ఊరికే.
3. రెండో టీ మీద ఆంక్ష ఎత్తివేయడమైనది.

వెంటనే కబురు చెప్పవలసినవాళ్ళు:
తాడేపల్లిగూడెంలో నాగేంద్రమ్మ అక్క. "వాడికి చేతనైందేంటి" అనే మనిషి. మొదటి ఫోను తనకే.
బావమరిది మనోహర్. ముందుగా "అందరం బతికే ఉన్నాం" అని చెప్పి, తరవాత మొదలుపెట్టాలి.
అనసూయ వదిన. ఆవిడకి చెబితే మిగతా కాకినాడకి చెప్పక్కర్లేదు.
మా తమ్ముడు విష్ణు. చెవులు సరిగ్గా వినపడవు, కేకలెయ్యాలి. పాప ఉలిక్కిపడుతుంది. కింద పార్కులోకి వెళ్ళి చేయాలి.
అన్న కొడుకు పృథ్వీరాజ్, సికింద్రాబాద్. వాడికి రెండో పిల్ల పుట్టబోతోంది. సెలవు పెట్టమని కూడా చెప్పాలి. గట్టిగా చెప్పాలి.
వియ్యపురాలు గారు. భుజం సంగతి వద్దు, పాట సంగతే చెప్పాలి.
అల్లుడు ఫణికుమార్. వచ్చాక. ఏఐ మాట ఎత్తకుండా. ప్రయత్నిస్తాను.
కోటమ్మ. కళ్ళారా చూసింది. అయినా ఒకసారి నా నోటితో చెప్పాలి.
తేజ. లేవగానే గుడ్డ మడత పూర్తి చేస్తూ, "నేనెక్కడ పడుకున్నాను నాన్నా? జస్ట్ కళ్ళు మూసుకున్నా" అంటోంది. తనకి చెప్పాలి.